4294967297 ప్రధాన సంఖ్యేనా? చేత్తో తేల్చడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. 4294967297, అంటే 2³² + 1, ప్రధాన సంఖ్య అని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా అన్నట్టు ఎక్కడో చదివారు. దొరికిన ఒక కోడ్‌లో వేసి చూస్తే అదీ "ప్రధానమే" అంది. మీరు సొంతంగా రాసిన కోడ్‌లో మాత్రం ఆ సంఖ్య ఉన్నట్టుండి 1 అయిపోయింది. వీటిలో ఏది నమ్మాలి, కంప్యూటర్ ముట్టుకోకుండా తేల్చే దారి ఏదైనా ఉందా అని అడిగారు.

అది ప్రధాన సంఖ్య కాదు. 4294967297 = 641 × 6700417. ఈ రెండు కారణాంకాలూ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఇంకా విడగొట్టడానికి ఏమీ మిగల్లేదు. చేత్తో తేల్చే దారి ఉంది. ఒక కాగితానికి ఒకవైపు సరిపోతుంది.

ముందు నా మాట పక్కన పెట్టి మీరే సరిచూసుకోండి. పెద్ద గుణకారం కూడా అక్కర్లేదు, 641తో భాగిస్తే మిగిలే శేషాలు చూస్తే చాలు. 2⁸ అంటే 256. దాని వర్గం 65536. అందులోంచి 641 × 102 = 65382 తీసేస్తే 154 మిగులుతుంది. 154 వర్గం 23716. ఇక 641 × 37 ఎంత? 23717. అంటే 2³² అనేది 641 గుణిజానికి సరిగ్గా ఒకటి తక్కువ. దానికి ఒకటి కలిపితే 641తో నిశ్శేషంగా పోతుంది. అంతే, అయిపోయింది.

మీ కోడ్‌లో 1 ఎందుకు వచ్చిందో ముందు చెప్పేస్తాను, అది చిన్న విషయం. 32 బిట్ల డబ్బాలో పట్టే అతి పెద్ద సంఖ్య 4294967295. మన సంఖ్య దానికంటే రెండు ఎక్కువ. ఓడోమీటర్ తిరిగినట్టు తిరిగి 0 దాటి 1 దగ్గర ఆగింది. 64 బిట్ల రకం వాడితే ఈ గొడవ పోతుంది. పైథాన్‌లో అయితే అసలు రాదు. మీరు రాసిన మామూలు పద్ధతి, 2, 3, 5, 7 అంటూ వరసగా భాగించుకుంటూ పోవడం, ఈ సంఖ్యకు బాగానే పనిచేస్తుంది. 641 అనేది 116వ ప్రధాన సంఖ్య, కాబట్టి 116వ ప్రయత్నంలోనే దొరికిపోతుంది.

అసలు విషయం చేత్తో చేయడం. 116 భాగహారాలు కూడా ఎవరు చేస్తారు? అక్కర్లేదు.

ఈ సంఖ్యకు ఒక ఆకారం ఉంది: 2³² + 1. ఆ ఆకారమే దాని కారణాంకాలు ఎలా ఉండాలో శాసిస్తుంది. ఏదో ఒక ప్రధాన సంఖ్య దీన్ని నిశ్శేషంగా భాగిస్తుందనుకోండి. దాన్ని "భ" అందాం. అప్పుడు భ దృష్టిలో, అంటే భతో భాగిస్తే మిగిలే శేషాలనే చూస్తే, 2³² అంటే −1. దాన్ని వర్గం చేస్తే 2⁶⁴ అంటే 1. 2ను దానితోనే గుణించుకుంటూ పోతే శేషం మొట్టమొదటిసారి 1 అయ్యే ఘాతాంకం ఏది? అది 64ను భాగించాలి. 32ను మాత్రం భాగించకూడదు, ఎందుకంటే 32వ ఘాతం దగ్గర మనకు వచ్చింది −1, 1 కాదు. 64ను భాగిస్తూ 32ను భాగించనిది 64 ఒక్కటే. మరోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2ను (భ − 1) ఘాతానికి తీసుకెళ్తే 1 రావాలి. కాబట్టి (భ − 1)ను 64 భాగించి తీరాలి. అంటే కారణాంకం ఏదైనా 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉంటుంది.

ఇక్కడితో ఆగినా 193, 257, 449, 577, 641 అని ఐదో ప్రధాన సంఖ్యకే దొరుకుతుంది. మధ్యలో వచ్చే 65, 129, 321, 385, 513 ప్రధానాలు కావు కాబట్టి వాటిని చూడక్కర్లేదు.

ఇంకో మెట్టు ఎక్కొచ్చు. 2²⁴ − 2⁸ అనే సంఖ్యను వర్గం చేసి చూడండి: 2⁴⁸ − 2 × 2³² + 2¹⁶. మొదటి పదం, చివరి పదం కలిపితే 2¹⁶ × (2³² + 1), అది భ గుణిజం, పోయింది. మధ్యలోది −2 × (−1), అంటే 2. అంటే భ దృష్టిలో 2కు వర్గమూలం ఉంది! 2 తిరిగి 1కి రావడానికి 64 మెట్లు పడితే, దాని వర్గమూలానికి 128 మెట్లు పడతాయి. కాబట్టి (భ − 1)ను 64 కాదు, 128 భాగించాలి. ఇది ఫ్రెంచ్ గణితవేత్త ల్యూకా 1878లో చేర్చిన మెరుగు. ఫెర్మా సంఖ్యల్లో, అంటే 2ను 1, 2, 4, 8, 16, 32 లాంటి ఘాతాలకు తీసుకెళ్లి ఒకటి కలిపితే వచ్చేవాటిలో, దీనికి ముందువాటికి (17 నుంచి), తర్వాతివాటికీ ఇదే కిటుకు పనిచేస్తుంది, ఘాతాంకాలు మార్చుకుంటే చాలు.

ఇప్పుడు 128 గుణిజానికి ఒకటి కలుపుకుంటూ అనుమానితుల జాబితా రాయండి: 129, 257, 385, 513, 641. వీటిలో 129, 385, 513 ప్రధానాలు కావు. మిగిలినవి 257, 641. 257 అంటే 2⁸ + 1. దాని దృష్టిలో 2⁸ అంటే −1, 2¹⁶ అంటే 1, 2³² కూడా 1, కాబట్టి మన సంఖ్యకు శేషం 2. అదీ పోయింది. మిగిలింది ఒక్క 641. మొట్టమొదటి నిజమైన అనుమానితుడే దొంగ. నేను సంఖ్యాశాస్త్రం చెప్పిన ఇన్నేళ్లలో క్లాసులో ఈ చోటుకు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "ఇంతేనా సార్?" అంటారు. ఇంతే.

రెండో కారణాంకం 6700417 ప్రధానమని ఎలా నమ్మాలి? చాలామంది ఇది రాయకుండా వదిలేస్తారు, కానీ ఇది కూడా అదే కాగితం మీద పట్టేస్తుంది. దీని వర్గమూలం 2588 దాటి కొంచెం. దీన్ని ఏ ప్రధాన సంఖ్య భాగించినా అది మన పెద్ద సంఖ్యనూ భాగించినట్టే, కాబట్టి అదీ 128 గుణిజం + 1 రూపంలోనే ఉండాలి. 2588 లోపు ఆ రూపంలో ఉన్న ప్రధానాలు ఐదే: 257, 641, 769, 1153, 1409. 257ను ఇందాకే తోసేశాం. మిగతా నాలుగింటితో భాగిస్తే శేషాలు వరసగా 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. అంటే ఏడంకెల సంఖ్య ప్రధానమని నాలుగు భాగహారాలతో రుజువైంది.

641 గురించి ఇంకో రుజువు ఉంది, ఒక్క భాగహారం కూడా లేకుండా. 641ను రెండు రకాలుగా రాయొచ్చు: 5 × 2⁷ + 1, ఇంకా 5⁴ + 2⁴ (625 + 16). మొదటి దాన్నిబట్టి 641 దృష్టిలో 5 × 2⁷ అంటే −1. నాలుగో ఘాతానికి తీసుకెళ్తే 5⁴ × 2²⁸ అంటే 1. రెండో దాన్నిబట్టి 5⁴ అంటే −2⁴. ఆ స్థానంలో పెడితే −2³² అంటే 1. కాబట్టి 2³² + 1 అంటే 0. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ నాకు ఇది రెండో స్థానమే. 641 అని ముందే తెలిసినవాడికే పనికొస్తుంది, దాన్ని ఎలా వెతకాలో చెప్పదు.

ఇక ఫెర్మా సంగతి. 1640లో ఉత్తరాల్లో ఆయన 3, 5, 17, 257, 65537, 4294967297 అంటూ వరస రాసి, 2ను 1, 2, 4, 8 లాంటి 2 ఘాతాలకే తీసుకెళ్లి ఒకటి కలిపితే ఎప్పుడూ ప్రధానమే వస్తుందన్న నమ్మకం వెలిబుచ్చాడు. రుజువు తన దగ్గర లేదని కూడా ఒప్పుకున్నాడు, కాబట్టి "ఫెర్మా నిరూపించాడు" అని ఎక్కడైనా రాస్తే అది తప్పు. మొదటి ఐదూ నిజంగానే ప్రధానాలు. ఆరో స్థానంలో ఉన్న మన సంఖ్య దగ్గరే మాట తప్పింది. విడ్డూరం ఏమిటంటే, అదే ఏడాది 2³⁷ − 1కు 223 కారణాంకమని ఆయన పట్టుకున్నది దాదాపు మనం పైన వాడిన తర్కంతోనే. అదే తర్కాన్ని ఇటు తిప్పి ఉంటే ఐదో ప్రయత్నంలో 641 చేతికి చిక్కేది. ఎందుకు తిప్పలేదో, తిప్పి లెక్క తప్పాడో ఇప్పుడు చెప్పలేం.

1729 డిసెంబర్‌లో గోల్డ్‌బాక్ ఉత్తరం రాసి తోటి గణితవేత్త ఆయిలర్‌కు ఈ ప్రశ్న అంటించాడు. 1732లో ఆయిలర్ 641ని బయటపెట్టాడు. 64 గుణిజం + 1 అన్న నియమానికి రుజువును మాత్రం ఆయన తర్వాతెప్పుడో ప్రచురించాడు. అమెరికాలో పుట్టిన జెరా కోల్‌బర్న్ అనే కుర్రాడు చిన్నతనంలో లండన్‌లో జరిగిన ప్రదర్శనలో ఈ కారణాంకాలను నోటి లెక్కతోనే చెప్పాడని కథనం ఉంది. ఇలాంటి కథనాలను నేను కొంచెం అనుమానంతోనే తీసుకుంటాను గానీ, పైన చెప్పిన 154 వర్గం లెక్క చూశాక మరీ అసాధ్యం కూడా అనిపించదు.

మీకు దొరికిన కోడ్ "ప్రధానమే" అని ఎందుకంది? నా అనుమానం, అది ఫెర్మా పరీక్షను 2 ఆధారంగా ఒక్కసారే చేసి ఊరుకుంటోంది. పరీక్ష ఇదీ: 2ను (సంఖ్య − 1) ఘాతానికి తీసుకెళ్లి ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రాకపోతే అది ప్రధానం కాదు. 1 వస్తే బహుశా ప్రధానం. ఆ "బహుశా" దగ్గరే ఉంది తిరకాసు. మన సంఖ్యకు 2³² శేషం −1, 2⁶⁴ శేషం 1. పరీక్షలో ఘాతాంకం ఏమిటి? 2³². అది 64 గుణిజం. కాబట్టి శేషం 1 రాక తప్పదు. ప్రధానమైనా కాకపోయినా ఫెర్మా సంఖ్యలన్నీ ఈ పరీక్ష పాసైపోతాయి. మిల్లర్-రాబిన్ పరీక్ష ఇంకాస్త గట్టిది, కానీ దాన్నీ 2తో మాత్రమే చేస్తే ఇదే ఫలితం, ఎందుకంటే 1కి చేరే దారిలో −1 కనిపిస్తే అది పాస్ చేసేస్తుంది, ఇక్కడ −1 దారిలోనే కనిపిస్తుంది కదా. 3తో చేసి చూడండి: 3ను 2³² ఘాతానికి తీసుకెళ్తే వచ్చే శేషం 3029026160. 1 కాదు, గుట్టు రట్టు. ఫ్రెంచ్ గణితవేత్త పెపాన్ పేరుతో ఉన్న పరీక్ష కూడా ఇప్పుడు ఫెర్మా సంఖ్యలకు 3నే వాడుతుంది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను ఇదే 2 ఆధారిత పరీక్షను 64 బిట్ల అన్‌సైన్డ్ సంఖ్యలతో రాశాను. 4294967297 ఇస్తే "ప్రధానం కాదు" అని వచ్చింది. సంతోషించాను. కొన్నాళ్లకు పెద్ద సంఖ్యల కోసం గుణకారాన్ని 128 బిట్లకు మార్చాను, అప్పుడు అదే సంఖ్యకు "ప్రధానమే" అంది! కోడ్ బాగుచేస్తే జవాబు చెడింది. ఒక పూటంతా తల పట్టుకున్నాక తెలిసింది. వర్గం చేసుకుంటూ పోతే 2, 4, 16, 256, 65536, 2³² వస్తాయి. తర్వాతి వర్గం 2⁶⁴. అది 64 బిట్లలో పట్టదు, ఒకే ఒక్క మెట్టు తేడాతో పొంగిపోయి 0 అవుతుంది. అక్కడినుంచి అన్నీ సున్నాలే, చివర్లో 1 రాలేదు కాబట్టి "ప్రధానం కాదు". అంటే పాత కోడ్ సరైన జవాబు చెప్పింది తప్పుడు కారణంతో. కొత్త కోడ్ లెక్క సరిగ్గా చేసి, పరీక్ష బలహీనత వల్ల తప్పు చెప్పింది. మీరు మాడ్యులో గుణకారం (గుణించి, భాగించి శేషం మాత్రమే ఉంచుకునేది) రాస్తే ఈ సంఖ్యను టెస్ట్ కేసుగా తప్పక పెట్టుకోండి. 64 బిట్ల గోడను అంచు మీద తాకే సంఖ్య ఇంతకంటే మంచిది దొరకదు. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలతో చేస్తే ఇంకా ముందే, 2⁵³ దాటగానే, చివరి అంకెలు నమ్మడానికి ఉండదు.

ఈ సంఖ్య లక్షణాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అడక్కపోయినా చెబుతాను. ఇది రెండు వర్గాల మొత్తమని చూడగానే తెలుస్తుంది: 65536² + 1². 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క రకంగా రాయగలం. రెండో రకం దొరికిందంటే అది ప్రధానం కాదు. దీనికి దొరుకుతుంది: 62264² + 20449². కాలిక్యులేటర్లో వేసి చూడండి.

ఇది ఎక్కణ్ణుంచి ఊడిపడింది? 641 = 25² + 4². 6700417 = 2556² + 409². ఇప్పుడు అడ్డంగా గుణించండి. 25 × 2556 = 63900, 4 × 409 = 1636. ఇంకో జంట: 25 × 409 = 10225, 4 × 2556 = 10224. మొదటి జంటను కలిపి రెండో జంటను తీసివేస్తే 65536, 1. మొదటి జంటను తీసివేసి రెండో జంటను కలిపితే 62264, 20449. అవే నాలుగు సంఖ్యల సామానుతో రెండు రూపాలూ తయారయ్యాయి. 10225, 10224 పక్కపక్కనే పడటం వల్లే ఆ చివరి 1 పుట్టింది. మొదటిసారి ఇది చేత్తో చేసినప్పుడు నేను మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాను.

దీని పొరుగు సంఖ్య 4294967295ను కూడా ఓసారి చూడండి. అది 3 × 5 × 17 × 257 × 65537, అంటే ముందున్న ఐదు ఫెర్మా ప్రధానాల లబ్ధం. మన సంఖ్య దానికి రెండు ఎక్కువ, అందుకే ఆ ఐదింటిలో దేనితో భాగించినా శేషం 2 వస్తుంది. స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే గీయగల క్రమ బహుభుజుల్లో, భుజాల సంఖ్య బేసి అయినవాటిలో, మనకు తెలిసిన అతి పెద్దది ఈ 4294967295 భుజాలదే. గౌస్, వాంజెల్ చెప్పిన నియమం ప్రకారం అక్కడ ఫెర్మా ప్రధానాలే కావాలి, మన సంఖ్య ప్రధానం కాకపోవడంతో జాబితా అక్కడ ఆగింది.

ఒక హెచ్చరిక. 65537 ప్రధానం కాబట్టి దాన్ని మాడ్యులస్‌గా (శేషాల కోసం భాగించే సంఖ్యగా) పెట్టుకుంటే సున్నా తప్ప ప్రతి సంఖ్యకూ గుణకార విలోమం, అంటే గుణిస్తే శేషం 1 ఇచ్చే జోడీ, ఉంటుంది. ఎన్‌క్రిప్షన్‌లో, హాషింగ్‌లో దీన్ని హాయిగా వాడతారు. అదే పద్ధతిని 32 బిట్లకు సాగదీద్దామని 2³² + 1 పెట్టుకుంటే దెబ్బతింటారు. నా దగ్గరకు వచ్చిన ఒక కోడ్‌లో సరిగ్గా అదే జరిగింది. యాదృచ్ఛిక పరీక్షలన్నీ పాసవుతున్నాయి, ఎప్పుడో ఒకసారి మాత్రం డీక్రిప్ట్ చేస్తే చెత్త వస్తోంది. 641 గుణిజాలకు విలోమం ఉండదు మరి. సుమారు 641 ప్రయత్నాలకు ఒకసారి తగిలే బగ్, చిన్న పరీక్షల్లో బయటపడదు.

ఈ దారి తర్వాతి ఫెర్మా సంఖ్యకు కూడా వర్తిస్తుందా అని మీరు ఎలాగూ అడుగుతారు. వర్తిస్తుంది. 2⁶⁴ + 1కు అనుమానితులు 256 గుణిజం + 1 రూపంలో ఉంటారు, మొదటి కారణాంకం 274177. కానీ అది 256 × 1071 + 1. మన సంఖ్యకు ఐదో గుణిజంలో దొరికింది, దానికి 1071 దాకా వెళ్లాలి. అందుకే 641 దొరికాక దాని కారణాంకాలు తేలడానికి ఇంకో శతాబ్దం పైనే పట్టింది. దాని తర్వాతిది, 2¹²⁸ + 1, 1970లో గానీ విడలేదు, అదీ కంప్యూటర్ సాయంతో. 65537 తర్వాత ఇప్పటిదాకా ఒక్క ఫెర్మా ప్రధానం కూడా దొరకలేదు. 2ను 2²⁰ ఘాతానికి తీసుకెళ్లి ఒకటి కలిపితే వచ్చే ఫెర్మా సంఖ్య ప్రధానం కాదని రుజువైంది గానీ దాని కారణాంకం ఒక్కటీ ఎవరికీ తెలియదు.

మీ కోడ్ విషయంలో: సంఖ్యను 64 బిట్లకు మార్చండి, గుణకారాన్ని 128 బిట్లలో చేయండి, పరీక్షకు 2తో పాటు 3, 5, 7 కూడా పెట్టండి. 64 బిట్ల లోపు ఏ సంఖ్యకైనా మొదటి పన్నెండు ప్రధానాలతో (2 నుంచి 37 వరకు) మిల్లర్-రాబిన్ చేస్తే "బహుశా" అన్న మాట ఉండదు, కచ్చితంగా తేలుతుంది. మార్చాక కూడా 4294967297కు "ప్రధానమే" అని వస్తే, కోడ్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.